ఇంగ్లీషు రాని మనిషి

ఫోన్ మోగేసరికి డింప్నా లాలీ చేతులు మణికట్ల దాకా షాంపూ నురగలో ఉన్నాయి. బేసిన్‌లో తల వెనక్కి వాల్చిన ఆవిడ కళ్ళు మూసుకుని, కూతురి పెళ్ళి కేకుకి ఎన్ని అంతస్తులో చెబుతోంది. డింప్నా మోచేత్తో ఫోన్ నొక్కి, బల్ల మీదే ఉన్న దాని దగ్గరికి చెవి వంచింది.

"డింప్నావా? నా పేరు సోరఖా. రోస్‌డువ్ నుంచి, పెద్దవాళ్ళ సెంటర్."

ఆ మాటలు ఇంగ్లీషులో కాదు, ఆ దేశపు పాత భాష ఐరిష్‌లో వచ్చాయి. ఒక్క ముక్క వదలకుండా అర్థమయ్యాయి. డింప్నా నడుము తనంతట తనే నిటారైంది. మళ్ళీ వంగింది.

"ఈ గురువారం రా. ఒక్కరోజు చూస్తాను. ఇదివరకు ఇద్దరొచ్చారు. జుట్టు బాగానే కత్తిరించారు. కానీ ఐరిష్ సరిగ్గా రానివాళ్ళు గదిలో ఒక్కరుంటే చాలు, మావాళ్ళు పదిహేను మందీ మర్యాదకని ఇంగ్లీషులోకి తిరిగిపోతారు. సాయంత్రానికి వాళ్ళ గదిలో వాళ్ళే చుట్టాల్లా కూర్చునుంటారు. అది మళ్ళీ జరగనివ్వను. రోజు ఐరిష్‌లో గడిచిందా, ప్రతి గురువారం నీది. గడవలేదా, ఇంతే సంగతి. సరేనా?"

"అటులనే. మిక్కిలి సంతోషము," అంది డింప్నా.

అవతల చిన్న నవ్వు. ఫోన్ ఆగిపోయింది.

"నా చెవిలోకి నీళ్ళు పోతున్నాయి తల్లీ," అంది బేసిన్‌లో ఆవిడ.

గాల్వే ఊరి నడిమధ్య ఉన్న ఆ సెలూన్‌లో డింప్నా పక్క కుర్చీ ట్రేసీది. ట్రేసీ రంగు పూసిన పాయని రేకులో మడుస్తూ, "ఏంటే, ఎవరితోనే ఆ పూజలు?" అంది.

"ఉద్యోగం. వారానికో రోజు. ఐరిష్‌లో!"

"జుట్టు కత్తిరించడానికి ఐరిష్ ఎందుకే? కత్తెరకి భాషేంటి?"

"నాకూ వచ్చు ఐరిష్," అంది బేసిన్‌లో ఆవిడ కళ్ళు తెరవకుండానే. వెంటనే ఐరిష్‌లో, చిన్నపిల్ల గొంతుతో, "టీచర్, నేను బాత్రూముకి వెళ్ళొచ్చా?" అంది.

సెలూన్ అంతా పగలబడి నవ్వింది. డ్రయ్యర్ కింద ఉన్నావిడ అదే వాక్యం అంది. రేకులు చుట్టించుకుంటున్న అమ్మాయీ అంది. బడిలో పదమూడు పద్నాలుగేళ్ళు చదివిన దాంట్లో అందరికీ మిగిలింది ఆ ఒక్క వాక్యమే. డింప్నా కూడా నవ్వింది. కానీ ఆమెకి అంతకంటే చాలా వాక్యాలు వచ్చు. రెండు చలికాలాలు సాయంత్రం క్లాసులకి వెళ్ళింది. నోటుపుస్తకాలు నాలుగు నిండాయి. లేనిదల్లా మాట్లాడే మనిషి. డబ్బు తీసుకుని చెప్పే టీచరు కాకుండా, జాలిపడి ఇంగ్లీషులోకి తిరగకుండా, తనతో పది నిమిషాలు ఐరిష్‌లో మాట్లాడిన మనిషి నలభై ఆరేళ్ళ జీవితంలో ఒక్కరూ లేరు.

గురువారానికి మూడు రోజులుంది. ఎక్కడో ఒకచోట దొరకాలి. ఆమె తువ్వాలుతో ఆవిడ తల తుడుస్తూ, ఆ మూడు రోజుల్లో మాట్లాడగల చోట్లన్నీ మనసులో వరసపెట్టుకుంది. చేతులు ఎంత హుషారుగా తుడిచాయంటే, "తల ఊడొస్తుందే!" అని ఆవిడ అరిచింది.

మొదటి చోటు అదే సాయంత్రం ఆరింటికి, కాఫీ షాపు మేడమీద. ఐరిష్ మాట్లాడుకోవడానికి గుండ్రటి బల్ల చుట్టూ ఏడుగురు చేరారు. బల్లకి పెద్ద లోర్కాన్ మాస్టారు. బడి నుంచి రిటైరై తొమ్మిదేళ్ళయినా వేలెత్తే అలవాటు పోలేదు.

"ఆదివారం నేను సముద్రమునకు..." అని డింప్నా మొదలుపెట్టింది.

వేలు లేచింది. "సముద్రతీరమునకు. సముద్రంలోకి దిగావా?"

"లేదండీ. సముద్రతీరమునకు వెళ్ళి..."

మళ్ళీ వేలు. ఈసారి క్రియాపదం. తర్వాత ఉచ్చారణ. తర్వాత ఆ క్రియాపదం మీద పక్క ఊరివాళ్ళు చేసే అన్యాయం గురించి మాస్టారు చిన్న ఉపన్యాసం. వాక్యం చివరికి చేరేసరికి డింప్నాకి ఆదివారం సముద్రానికి ఎందుకెళ్ళిందో గుర్తులేదు. గంటలో ఏడుగురికీ తలా ఒక వాక్యం పూర్తయింది. అందరి టీలూ చల్లారిపోయాయి.

మెట్లు దిగుతుంటే పక్కన కూర్చున్న నర్సు ఇంగ్లీషులో గొణిగింది. "ఈయన దగ్గర నేర్చుకుంటే మన అంత్యక్రియల నాటికి వ్యాకరణం వస్తుంది. నువ్వు తిన్నగా రోస్‌డువ్ వెళ్ళి కొట్లో ఏమన్నా కొనుక్కోవమ్మా. అక్కడ గోడలు కూడా ఐరిష్ మాట్లాడతాయి."

మంగళవారం మధ్యాహ్నం అన్నం వేళ లైబ్రరీలో ఐరిష్ బల్ల ఉందని బోర్డు చూసి పరుగెత్తింది. అక్కడ ఒకే ఒక కుర్రాడున్నాడు. మూడో వారం చదువు. ఇద్దరూ వాతావరణం గురించి నాలుగుసార్లు మాట్లాడుకున్నారు. నాలుగుసార్లూ వానే పడింది. అయినా ఆమె తిరిగి సెలూన్‌కి గంతులేస్తూ వచ్చింది. ఎదుటి మనిషి అడిగితే తను జవాబు చెప్పింది. అదైతే జరిగింది.

బుధవారం ఒంటిపూట పని. ఒంటిగంటకల్లా ఏప్రన్ విప్పి, కారెక్కి, సముద్రం పక్కనుంచి పడమటికి బయల్దేరింది. దారి పొడుగునా అద్దంలో తన కళ్ళకి తనే చెప్పుకుంది. "ఒక పౌను వెన్న. అరడజను గుడ్లు. ధన్యవాదములు. ఈ దినము చాలా బాగున్నది."

రోస్‌డువ్‌లో కొట్టు ఒకటే. ఒక పక్క పోస్టాఫీసు, ఒక పక్క సరుకులు, మధ్యలో రబ్బరు బూట్లు. డింప్నా తలుపు బయటే ఆగి వింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఐరిష్‌లో వాగులా మాట్లాడుకుంటున్నారు. ఎవరి పొట్టేలో పాదిరీ గారి తోటలో పడి బఠాణీ తీగలన్నీ మేసిందట.

"మేస్తే మేసింది, ఆయన దాన్ని తిట్టిన తిట్లు విన్నావూ? అవి ప్రార్థన పుస్తకంలో లేవే తల్లీ!"

డింప్నాకి ప్రతి మాటా అందింది. తలుపు తోసింది. గంట మోగింది. ఇద్దరూ ఆమెని చూశారు. కౌంటర్ మీద మోచేతులు ఆనించిన ఆవిడ నిటారుగా నిలబడింది. కౌంటర్ వెనక ఉన్నావిడ అదే పొట్టేలు కథ, అదే వాక్యం మధ్యలోంచి, ఇంగ్లీషులో కొనసాగించింది. వాళ్ళిద్దరూ పుట్టి బుద్ధెరిగాక ఒకరితో ఒకరు ఇంగ్లీషు మాట్లాడుకుని ఉండరు. కథలో ఉప్పూకారం పోయి, పొట్టేలు ఉత్త పొట్టేలైపోయింది.

"నాకు ఒక పౌను వెన్న కావలెను. దయచేసి ఇచ్చెదరా?" అంది డింప్నా ఐరిష్‌లో.

"ఇదిగో అమ్మా. ఇంకేమైనా?" ఇంగ్లీషులో.

"అరడజను గుడ్లు కూడ కావలెను."

"చూసి తీసుకో, పైవరసలో ఒకటి చిట్లింది." ఇంగ్లీషులో.

"ఈ దినము చాలా బాగున్నది."

"దేవుడి దయ. సంచీ కావాలా?"

ఇంగ్లీషు. ఇంగ్లీషు. ఇంగ్లీషు. ఆవిడ మొహంలో వెటకారం లేదు. అదే కష్టం. మెట్లెక్కలేని మనిషికి చెయ్యందించినట్టు, ఎంతో ప్రేమగా, డింప్నా నోట్లోంచి భాష తీసి పక్కన పెట్టింది. ఇటుపక్కకి జరిగి పోస్టాఫీసు కిటికీ దగ్గర స్టాంపులడిగింది డింప్నా. అక్కడికీ ఆవిడే వచ్చింది. అక్కడా అంతే. బయట పెట్రోలు పోసే అతను టోపీ తీసి మరీ ఇంగ్లీషు మాట్లాడాడు.

వెన్న, గుడ్లు, అక్కర్లేని స్టాంపులు పట్టుకుని పడవల రేవు మీద కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చలిగాలి వల్లే అనుకుంది. వలల గుట్ట మీద పడుకున్న నలుపు తెలుపు కుక్క లేచి వచ్చి సంచీ వాసన చూసింది.

"కూర్చో," అంది డింప్నా, ఐరిష్‌లో.

కుక్క కూర్చుంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పడుకో." పడుకుంది. "చెయ్యివ్వు." ఇచ్చింది. ఎవరూ లేని రేవులో డింప్నా పైకే నవ్వేసింది. "ఈ ఊళ్ళో ఇంగ్లీషులోకి తిరగనిది నువ్వొక్కదానివే!" ఆ కుక్కతో అరగంట మాట్లాడింది. ఎంత పొట్టిగా కావాలో అడిగింది. చెవుల మీదకి ఉంచమంటారా తీసేయమంటారా అని అడిగింది. దువ్వెన తీసి దాని మెడ మీద చిక్కు కూడా తీసింది. లేచేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి గాని, మనసు మళ్ళీ తేలికైంది. రేపు మనుషులు. పదిహేను మంది! అందులో ఒక్కరైనా దొరకరా?

గురువారం తొమ్మిదింటికి సెంటర్ ముందు కారు ఆపి, వెనక తలుపు తీసింది. మడిచే బేసిన్, తలమీద బోర్లించే డ్రయ్యర్, రోలర్ల డబ్బా, తువ్వాళ్ళు, నల్లటి పెద్ద సంచీ. తెల్లటి మినీబస్సు పక్కన ఒక నల్లటి గుబురు జుట్టు మనిషి నిలబడి, ఒక ముసలావిడని చెయ్యిపట్టి దింపుతున్నాడు. ఆవిడని లోపలికి పంపి గబగబా ఇటొచ్చాడు.

"పొద్దున్నే వచ్చేశారే! జుట్టావిడ మీరేనా? ఇలా ఇచ్చెయ్యండి సంచీ, నేను మోస్తా," అన్నాడు ఐరిష్‌లో. మాట గబగబా ఉంది. యాస మాత్రం ఈ దేశపుది కాదు. బ్రెజిల్‌దో, ఎక్కడిదో.

డింప్నా నవ్వి, నెమ్మదిగా, విడివిడిగా, ఇంగ్లీషులో అంది. "ఫర్వాలేదండీ. బరువుంటుంది. దాని పట్టీ కూడా తెగింది."

అతను సంచీ అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇంగ్లీషు లేదు నాకు," అన్నాడు ఐరిష్‌లో, మొహం గోడలా పెట్టి. ముందు నడిచాడు.

డింప్నా కారు పక్కనే నిలబడిపోయింది. చెవుల దాకా వేడెక్కింది. నిన్న కొట్లో ఆవిడని గాల్వే చేరేదాకా తిట్టుకుంది. ఇవాళ పొద్దున మొదటి మనిషి ఐరిష్‌లో పలకరిస్తే, యాస విని, ఒక్క క్షణం ఆలోచించకుండా, అదే నవ్వుతో అదే పని తను చేసింది.

గది పొడుగ్గా, వెచ్చగా ఉంది. గోడ వెంబడి కుర్చీలు, కుర్చీల్లో పదిహేను మంది. తలుపు తెరవగానే వినపడ్డ ఐరిష్ ఆమె అడుగు పడగానే ఆగింది. తర్వాత ఇంగ్లీషు మొదలైంది. ఎవరూ ఎవరికీ సైగ కూడా చెయ్యలేదు.

మొదట కోలిన్ మైకిల్. ఎనభై దాటిన పడవ మనిషి. కనుబొమలు చీపుర్లలా ఉన్నాయి. డింప్నా అతని మెడ చుట్టూ గుడ్డ కట్టి, దువ్వెన తడిపి, "మీ శిరోజములను ఎంత పొట్టిగా కత్తిరింపవలెను?" అంది.

కోలిన్ కనుబొమలు పైకి లేచాయి. "నీ ఇష్టం అమ్మాయ్," అన్నాడు ఇంగ్లీషులో. "ఆదివారం మ్యాచ్ చూశావా?"

రెండో తల, మూడో తల. నీళ్ళు వేడిగా ఉన్నాయా అని ఐరిష్‌లో అడిగితే ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పారు. నాలుగోది పొద్దున బస్సు దిగిన ముసలావిడ. బాబిన్ టామ్ అంటారు, తండ్రి పేరుతో కలిపి. ఎనభై ఎనిమిదేళ్ళు. తెల్లటి జుట్టు పట్టుదారంలా పల్చగా ఉంది. డింప్నా పాయ పాయగా విడదీసి, చివర కాగితం మడిచి, గులాబి రోలర్ చుట్టి పిన్ను గుచ్చుతూ, "నొప్పిగా నున్నదా?" అంది.

బాబిన్ అద్దంలో ఆమెని చూసి, చెయ్యి పైకెత్తి ఆమె మణికట్టు తట్టింది. "లేదు తల్లీ. నీకెందుకే అంత కష్టం? మాకందరికీ ఇంగ్లీషు వచ్చుగా," అంది ఇంగ్లీషులో.

సరిగ్గా అప్పుడే సోరఖా గుమ్మంలోకి వచ్చింది. పొడుగాటి మనిషి. చేతిలో కప్పు. ఆ మాట విన్నది. గది అంతా ఒకసారి చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

డింప్నా చివరి పిన్ను గుచ్చి గడియారం చూసింది. పదకొండు గంటలు. సగం రోజు పోయింది.

బాబిన్‌ని డ్రయ్యర్ కింద కూర్చోబెట్టి మీట నొక్కిందో లేదో, టీల బండి తోసుకుంటూ పొద్దుటి మనిషి వచ్చాడు. "బతికే ఉన్నారా అందరూ?" అన్నాడు ఐరిష్‌లో.

గది మారిపోయింది. చెరువు మీద పిట్టల గుంపు ఒక్కసారిగా పక్కకి తిరిగినట్టు, డ్రయ్యర్ కింద ఉన్న బాబిన్ తప్ప పద్నాలుగు నోళ్ళూ ఐరిష్‌లోకి తిరిగాయి. మ్యాచ్ గురించి ఇంగ్లీషులో సగం చెప్పిన కోలిన్ మిగతా సగం ఐరిష్‌లో చెప్పాడు.

"ఏరా వాల్దీ, టీలో చక్కెర వేశావా, లేక నీ నవ్వు వేశావా?" అంది ఒకావిడ.

"రెండూ వేశా. ఇవాళ నవ్వు కొంచెం ఎక్కువైంది, కలుపుకుని తాగు."

అతను కప్పులు పంచి, బండి తోసుకుంటూ వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కోలిన్ డింప్నా వైపు తిరిగి, "పాపం వాడికి ఇంగ్లీషు రాదమ్మా," అని ఇంగ్లీషులో సంజాయిషీ చెప్పాడు. గది మళ్ళీ ఇంగ్లీషైంది.

డింప్నా కత్తెర తుడుస్తూ తుడుస్తూ ఆగింది. అదే మర్యాద! తనున్నప్పుడు తన కోసం ఇటు తిరుగుతున్నారు. అతనున్నప్పుడు అతని కోసం అటు. ఇద్దరూ ఉంటే? ఇందాక ఇద్దరూ ఉన్నారు. అటే తిరిగారు. తనకి ఐరిష్ కొంచెమైనా వచ్చు, అతనికి ఇంగ్లీషు అసలు రాదు.

అతని జుట్టు చెవుల మీద పడుతోంది! మెడ మీద కాలర్ దాకా ఉంది!

ఆమె కుర్చీని గోడ దగ్గర్నుంచి లాగి గది మధ్యలో పెట్టింది. వంటింటి దాకా దాదాపు పరుగెత్తింది. "అయ్యా! మీ శిరోజములు మిక్కిలి పెరిగినవి. ఇప్పుడే రావలెను!"

అందరూ వాల్దీ అని పిలిచే వాల్దెసీర్ బంగాళాదుంప చెక్కుతున్నవాడల్లా ఆగాడు. "ఇప్పుడా? కాబేజీ పొయ్యి మీదుంది."

"ఇప్పుడే. దయచేసి." తర్వాత గొంతు తగ్గించింది. "పొద్దున నేను తప్పు చేసితిని. క్షమింపుము."

అతను ఆమెని ఒక్క క్షణం చూశాడు. పొయ్యి తగ్గించాడు. చేతులు తుడుచుకుని వచ్చి, గది మధ్యలో రాజులా కూర్చున్నాడు.

మగవాళ్ళ జుట్టు పన్నెండు నిమిషాల పని. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతులకి అది తెలుసు. ఇవాళ ఆ చేతులని ఆమె అదుపులో పెట్టింది. దువ్వెనతో ఒక పాయ ఎత్తింది. రెండు వేళ్ళ మధ్య పట్టింది. అటు చూసింది. ఇటు చూసింది. బియ్యపు గింజంత కత్తిరించింది. మళ్ళీ దువ్వింది.

"పాపిడి ఎడమకి తియ్యవే," అన్నారెవరో. ఐరిష్‌లో!

"ఎడమకి తీస్తే బ్యాంకు మేనేజర్లా ఉంటాడు. కుడికే."

"అసలు పాపిడెందుకు? మా చిన్నప్పుడు కోలిన్ గాడికి వాళ్ళ నాన్న గొర్రెల కత్తెరతో కత్తిరించేవాడు. గిన్నె బోర్లించి."

"గిన్నె కాదు, మీ ఇంటి కుండ! మీ అమ్మే ఇచ్చింది!" అన్నాడు కోలిన్.

"ఇదిగో అమ్మాయ్, ఈ లెక్కన నువ్వు పూర్తిచేసేలోపు వాడికి ముసలితనం వచ్చి జుట్టు దానంతటదే ఊడుతుంది."

డింప్నాకి ఊపిరాడనంత సంతోషంగా ఉంది. కత్తెర గాల్లో ఆపి, "నేను కూడ ఒక కథ చెప్పెదను," అంది. తను అన్నదని తనకే నమ్మకం కలగలేదు. పదిహేను మొహాలు ఇటు తిరిగాయి. వాల్దెసీర్ మొహం కూడా, దువ్వెనతో సహా.

"నేను పని నేర్చుకొను కాలమున ఒక గొప్ప స్త్రీ వచ్చెను. ఆమె సోదరుడు బిషప్పు. మరుసటి దినము ఒక... ఒక... మనిషి చనిపోయిన..."

"అంత్యక్రియలు," అన్నారు ముగ్గురు.

"అంత్యక్రియలు. నేను ఆమె జుట్టుకు రంగు వేసితిని. కాని సీసా, అది..."

"తప్పు సీసానా?"

"తప్పు సీసా! కడిగితిని. చూసితిని. అది..." ఆమెకి మాట దొరకలేదు. కిటికీ బయట పొలం చూపించింది.

"పచ్చగానా!" అని కోలిన్ సగం లేచాడు.

నిచ్చెన మీద ఉన్నవాడికి కింద నిలబడ్డవాళ్ళు మేకులు అందించినట్టు, ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అందించారు. ఆమె ఒక్కొక్కటే అందుకుని కొట్టింది.

"ఆ గొప్పావిడది ఏ ఊరు?"

"గాల్వేయే."

"అయ్యో! గాల్వే మనిషి, బిషప్పు గారి చెల్లెలు, ఆటలో మన పగవాళ్ళు మేయో జట్టు పచ్చరంగు నెత్తిన పెట్టుకుని చావుకి వెళ్ళిందా!"

గది విరగబడింది. ఒకాయన కర్రతో నేల కొట్టాడు. డ్రయ్యర్ కింద నుంచి రోలర్ల తల బయటికి లాగి, "గట్టిగా చెప్పవే, నాకు వినపడ్డం లేదు! మళ్ళీ మొదటినుంచి చెప్పు!" అని బాబిన్ అరిచింది.

డింప్నా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. రెండోసారి 'అంత్యక్రియలు' తనంతట తనే వచ్చింది.

యాభై నిమిషాలకి వాల్దెసీర్ తల పూర్తయింది. మెడ మీద వెంట్రుకలు కుంచెతో దులిపి, గుడ్డ విప్పింది. "కాబేజీ!" అంటూ అతను పరుగెత్తాడు. తలుపు మూసుకుంది. డింప్నా గుడ్డ దులుపుతూ ఆగిపోయింది. ఇప్పుడు తిరుగుతారు.

"కుండ మా అమ్మది కాదు," అంది ఇందాకటావిడ.

"మీ అమ్మదే. చెవి విరిగిన కుండ," అన్నాడు కోలిన్. "ఈ అమ్మాయిని అడుగు, గుండ్రంగా కత్తిరించాలంటే కుండా గిన్నా ఏది నయం? చెప్పమ్మా."

ఐరిష్‌లోనే. ఎవరికీ తిరగడం గుర్తులేదు. డింప్నా గుడ్డని గుండెలకి అదుముకుని, "కుండ," అంది.

భోజనాలయ్యాక డింప్నా బాబిన్ తల మీది రోలర్లు విప్పింది. ఒక్కొక్క పిన్నూ తీస్తుంటే తెల్లటి చుట్టలు భుజం మీదకి జారుతున్నాయి. బాబిన్ అద్దంలోకి చూస్తూ, పెదవులు పెద్దగా కదలకుండా, ఐరిష్‌లోనే అంది. "తెలివైనదానివే. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టావు."

డింప్నా ఎర్రబడింది. "అతనికి ఇంగ్లీషు రాదు కదా అని..."

"ఎవరికి, వాల్దీకా? వాడికి ఇంగ్లీషు రాదా? పాదిరీ గారి కంటే బాగా వచ్చు!"

డింప్నా చెయ్యి ఆగింది.

"ఆపకు, దువ్వుతూ ఉండు. ఆరేళ్ళ కిందట చేపల ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు నిజంగానే రాదు. తర్వాత వచ్చింది. మా ఇంటి ముందు రోడ్డు గుంతల గురించి కౌన్సిలుకి ఇంగ్లీషులో ఉత్తరం ఎవరు రాశారనుకున్నావు? వాళ్ళావిడ రాసిందని చెప్పి ఇచ్చాడు. వాడి దస్తూరీ నాకు తెలీదూ? నా సరుకుల చీటీ రాసేది వాడేగా."

"మిగతావాళ్ళకు తెలియునా?"

"ఊరంతటికీ తెలుసు."

"మరి ఎవరూ ఎందుకు అనరు?"

బాబిన్ ఆమెని వింతగా చూసింది. "అంటే వాడితో ఇంగ్లీషులో మాట్లాడాల్సొస్తుంది కదే! ఇప్పుడైతే వాడు గదిలో ఉన్నంతసేపూ మా మాట మేం మాట్లాడుకోవడానికి ఒక సాకు. వాడికి తెలీదు మాకు తెలుసని. నువ్వు చెప్పావో, చూసుకో."

మూడింటికి సోరఖా వచ్చింది. మొహంలో నిర్ణయం అప్పటికే ఉంది. మూడు రోజుల కిందట ఫోన్లో ఐరిష్‌లో మాట్లాడిన మనిషి, ఇప్పుడు మెత్తగా ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"చాలా థాంక్స్ డింప్నా. తలలన్నీ బాగా కుదిరాయి. కానీ పొద్దున నేను విన్నాను. తప్పు నీది కాదు, తెలుసు. అయినా..."

జవాబు డింప్నా నాలుక చివరికి వచ్చేసింది. మీరు పొద్దున విన్నారు, తర్వాత వినలేదు, ఒక్క నిమిషం ఆగండి. చక్కటి ఇంగ్లీషు. పుట్టినప్పటినుంచీ ఉన్న ఇంగ్లీషు. నోరు తెరిచింది. మూసింది. చేతిలో తువ్వాలు మడత పెట్టింది. మళ్ళీ ఇంకో మడత పెట్టింది.

కోలిన్ వైపు తిరిగింది. "ఏమంటోంది ఆవిడ?" అంది ఐరిష్‌లో.

కోలిన్ చీపురు కనుబొమలు కలిసి, మళ్ళీ నెమ్మదిగా విడిపోయాయి. "నాకేం తెలుసమ్మా," అన్నాడు. "మనకర్థమయ్యేలా మాట్లాడ్డం లేదు."

"సోరఖా," అంది బాబిన్, అప్పుడే చేయించుకున్న జుట్టుని అరచేత్తో సవరించుకుంటూ. "ఈ పిల్లకి ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క రాదు. మనిషి ముందు ఆమెకి రాని భాష మాట్లాడ్డం మర్యాదేనా? నిన్ను అలా పెంచారా మీవాళ్ళు?"

"పొద్దున ఈమెతో మీరంతా..." సోరఖా ఇంగ్లీషులోనే అంది. ఎవరూ కదలలేదు. పదిహేను మొహాలు గోడల్లా ఉన్నాయి.

వంటింటి గుమ్మంలో వాల్దెసీర్ నిలబడున్నాడు. కొత్త జుట్టు, చేతిలో తడి గరిటె. ఎంతో గంభీరంగా తల ఊపాడు. "కష్టమండీ," అన్నాడు ఐరిష్‌లో. "ఇంగ్లీషు రాకపోతే ఎంత కష్టమో నాకు తెలుసు."

సోరఖా నవ్వు ఆపుకోడానికి పెదవులు బిగించింది. కిటికీ వైపు తిరిగి కాసేపు సముద్రం చూసింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మళ్ళీ ఇటు తిరిగి, ఐరిష్‌లో, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే వేగంతో, ఎక్కడా ఆగకుండా చెప్పింది. వచ్చే గురువారం తొమ్మిదికి కాదు, ఎనిమిదిన్నరకే రమ్మంది. పెద్ద తువ్వాళ్ళు తనే ఇస్తానంది, బేసిన్ ఇక్కడే వదిలేయమంది, వెనక గేటు దగ్గర మాత్రం ఏదో ఉంది, కారు జాగ్రత్త అంది.

డింప్నాకి ఆ 'ఏదో' ఒక్కటే అందలేదు.

"వెనక గేటు దగ్గర ఏముంది?" అని అడిగింది.

పదిహేను మందీ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.